50 హెర్ట్జ్‌ల మారియో

గత వేసవిలో డాలస్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నప్పుడు, పదకొండేళ్ల మేనల్లుడి ముందు నా పరువు పోయింది. వాడి నింటెండో స్విచ్ ఆటల యంత్రంలో పాత నింటెండో ఆటల జాబితా ఒకటి ఉంది. అందులో సూపర్ మారియో బ్రదర్స్ కనబడగానే, నీ వయసులో నేను ఈ ఆటను కళ్లు మూసుకుని ఆడేవాణ్ణని ఒక మాట అనేసి జాయ్‌స్టిక్ అందుకున్నాను. మొదటి గూంబాకే, అంటే ఎదురొచ్చే బుల్లి శత్రువుకే, చచ్చాను. రెండోసారి దాన్ని దాటి, మొదటి గోతిలో పడ్డాను. మూడోసారీ అదే గొయ్యి. "ఇది మరీ వేగంగా పోతోందిరా" అంటే వాడు నవ్వి, "గేమ్ స్పీడ్ అదే మామా, నువ్వే స్లో అయ్యావు" అన్నాడు. నలభై దాటినవాణ్ణి గనుక అది నిజమేనని ఊరుకునేవాణ్ణి. అయితే గొడవ విని వంటింట్లోంచి వచ్చిన మా చెల్లెలు, చిన్నప్పుడు నాకంటే బాగా ఆడిన మనిషి, తాను కూడా ఒక చేయి చూస్తానని కూర్చుని సరిగ్గా అదే గోతిలో, సరిగ్గా నాలాగే ఒక అర క్షణం ఆలస్యంగా గెంతి పడిపోయింది. ఇద్దరమూ ఒకే చోట ఒకే విధంగా తప్పడం చూశాక, మా చేతులకు గుర్తున్న వేగం వేరేమోనన్న అనుమానం నన్ను పట్టుకుంది.

తిరిగి వచ్చాక కొన్ని వారాలపాటు ఆ అనుమానం వెంట పడ్డాను. చివరికి తేలినదేమంటే, నెల్లూరులో మా ఇంటి టీవీ మీద మారియో నిజంగానే నెమ్మదిగా పరుగెత్తాడు. జపాన్‌లోనూ అమెరికాలోనూ ఆనాటి టీవీ తెర సెకనుకు 60 సార్లు మారేది. మన దేశం ఎంచుకున్న పాల్ పద్ధతిలో 50 సార్లే మారేది. ఆ కాలపు ఆటలు సెకన్లను కాక ఈ తెర మార్పులనే లెక్కపెట్టుకునేవి. సూపర్ మారియోలో పై మూల కనబడే టైమ్ అంకె 24 తెర మార్పులకు ఒకసారి తగ్గుతుంది. మొదటి దశలో ఇచ్చే 400 అంకె అయిపోవడానికి జపాన్ టీవీ మీద 160 సెకన్లు పడితే, అదే ఆటకు మన టీవీ మీద 192 సెకన్లు పడుతుంది. మారియో పరుగు, గూంబా నడక, గెంతినప్పుడు గాలిలో ఉండే సేపు, వెనక మోగే పాట, అన్నీ ఆరో వంతు మందగిస్తాయి. చిన్ననాటి నా ప్రతాపంలో కొంత భాగం దేశపు టీవీ పద్ధతి పెట్టిన భిక్ష అని ఒప్పుకోక తప్పలేదు.

ఇది ఇంతటితో ఒక సరదా కబురుగా ముగిసేదే. కానీ ఎందుకిలా జరిగిందని చదువుతూ పోయినకొద్దీ, ఈ యంత్రం చరిత్ర రాసేవాళ్లు మనబోటివాళ్ల ఇళ్లను ఎక్కడ వదిలేశారో స్పష్టంగా కనిపించసాగింది. టీవీకి తగిలించి ఆడే ఈ యంత్రం అసలు పేరు నింటెండో ఫామికామ్. దాని చరిత్ర అంటే ఇప్పటికీ క్యోటోలో మొదలై న్యూయార్క్‌కు వెళ్లి ముగిసే కథే. 1983 జూలై 15న జపాన్‌లో 14,800 యెన్‌లకు విడుదల, 1985లో ఎన్‌ఈఎస్ పేరుతో అమెరికా ప్రవేశం, 2003లో తయారీ నిలిపివేత, మొత్తం అమ్మకాలు 6 కోట్ల 19 లక్షలు. మేము ఆడిన యంత్రం ఆ 6 కోట్ల 19 లక్షలలో లేదు. మా వీధిలోని ఏ ఇంట్లోదీ లేదు. ఆ కథకు చివర ఒక చిన్న పేరా చేర్చి, ఆసియాలో నకిలీలు విరివిగా అమ్ముడుపోయాయని రాసి వదిలేస్తారు. ఆ పేరా అసలు చరిత్రలో సగమని నా వాదన. దానికి ఉన్న అభ్యంతరాలు కూడా నాకు తెలుసు. వాటి దగ్గరకు తరవాత వస్తాను.

బర్మా బజారు నుంచి

మా యంత్రాన్ని 1995లో మా బాబాయి చెన్నై వెళ్లినప్పుడు బర్మా బజారులో బేరమాడి 800 రూపాయలకు తెచ్చాడు. నెల్లూరు వాళ్లకు అప్పట్లో గడియారమైనా కాలిక్యులేటరైనా అక్కడి నుంచే రావాలి. పెట్టె మీద ఏవో జపాన్ అక్షరాల్లాంటివి ఉన్నాయి గాని, కంపెనీ పేరు వెతికినా కనబడలేదు. యంత్రంతోపాటు రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక తుపాకి, ఒక ఎలిమినేటర్, ఒక పసుప్పచ్చ క్యాసెట్ వచ్చాయి. యాంటెన్నా తీగ పీకి ఆ సందులో దీని తీగ గుచ్చి, టీవీ పక్కనున్న బుల్లి తలుపు తెరిచి లోపలి చక్రాలను మా నాన్న వెంట్రుక వాసి చొప్పున తిప్పుతుంటే, చీమల గుంపులాంటి తెర మీద మెల్లగా ఒక జాబితా తేలేది. ఆ ఎలిమినేటర్ గంటలో పెనంలా కాలేది. దాని మీద తడిగుడ్డ వేసి చల్లార్చాలన్న ఆలోచన నాకు ఒకసారి వచ్చింది, అమలు కాకముందే అమ్మ చూసింది.

క్యాసెట్ మీద "9999999 ఇన్ 1" అని ఉండేది. మా చెల్లెలు లెక్కల మనిషి గనుక నోటుపుస్తకం ఒకటి పెట్టుకుని, ఆ జాబితాను రెండు ఆదివారాలపాటు పరీక్షించి, అందులో నిజంగా వేరువేరు ఆటలు ఏడేనని, మిగిలినవన్నీ అవే ఆటలను మధ్య నుంచి మొదలుపెట్టడమో, ప్రాణాలు ఎక్కువ ఇవ్వడమో మాత్రమేనని తేల్చింది. ఆ ఏడింటిలో మారియో, ట్యాంకుల ఆట, సర్కస్ ఆట, కారు ఆట, బాతుల ఆట ఉన్నాయి. వాటి అసలు పేర్లు బ్యాటిల్ సిటీ, సర్కస్ చార్లీ, రోడ్ ఫైటర్, డక్ హంట్ అని నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. నా ఈడు అమెరికా మిత్రుడొకరితో మాట్లాడుతూ బ్యాటిల్ సిటీ ప్రస్తావన తెస్తే, ఆయన ఆ ఆట పేరే వినలేదన్నాడు. నేను నమ్మలేదు. తరవాత చూస్తే, 1985లో నామ్‌కో జపాన్‌లో విడుదల చేసిన ఆ ఆట అమెరికా ఎన్‌ఈఎస్ మీదికి రాలేదు. సర్కస్ చార్లీ, రోడ్ ఫైటర్‌ల సంగతీ అంతే. ఆయన చిన్నతనమంతా జెల్డా. బంగారు రంగు క్యాసెట్‌లో బ్యాటరీ ఉండి, ఆట ఎక్కడ ఆపితే మరునాడు అక్కడి నుంచి మొదలయ్యే ఆట. నాకు అటువంటిది ఒకటుందనే తెలియదు. మా ఆటలన్నీ కరెంటు పోతే పోయేవే. ఒకే యంత్రాన్ని తలుచుకుంటున్నామనుకుని మేమిద్దరం రెండు వేర్వేరు యంత్రాల గురించి మాట్లాడుకుంటున్నాం.

తాళం లేని తలుపు

దీనికి కారణం రుచులలో తేడా కాదు, యంత్రాల లోపలి అమరిక. ఫామికామ్‌ను రూపొందించిన మసయుకి ఉయెమురా చేతికి నింటెండో అధ్యక్షుడు హిరోషి యమౌచి ఇచ్చిన ఆజ్ఞ ప్రధానంగా ధరకు సంబంధించినది. యంత్రం చవకగా ఉండాలి, అయినా పోటీదారులు కొంతకాలం దాకా అందుకోలేనిదిగా ఉండాలి. అందుకే కీబోర్డు లేదు, 2 కిలోబైట్ల మెమరీతో సరిపెట్టారు, జాయ్‌స్టిక్‌ల తీగలను ఊడదీసే వీలులేకుండా యంత్రానికే కలిపేశారు. మెదడుగా రికో కంపెనీ తయారు చేసిన చిప్‌ను పెట్టారు. దాని లోపలిది అమెరికాకు చెందిన 6502 అనే ప్రాసెసర్. జపాన్‌లో అప్పటి ఇంజనీర్లకు జెడ్80 అనే మరో ప్రాసెసర్ మీద ఉన్న పట్టు దీని మీద లేదు గనుక, పోటీ కంపెనీలు దీన్ని విప్పి చూసి అనుకరించడానికి ఆలస్యమవుతుందన్న ఆశ కూడా ఆ ఎంపిక వెనక ఉంది. ఆ ఆశ జపాన్ వరకు నెరవేరింది. తైవాన్ సంగతి ఎవరూ ఊహించినట్టు లేదు.

ఫామికామ్‌లో ఏ క్యాసెట్‌నైనా అడ్డుకునే తాళం లేదు. 60 పిన్నులు సరిగా కూర్చుంటే చాలు, ఆట మొదలవుతుంది. రెండేళ్ల తరవాత అమెరికాకు వెళ్లేటప్పుడు నింటెండో ఆ లోపాన్ని గుర్తించి, యంత్రంలో ఒక చిప్, క్యాసెట్‌లో ఒక చిప్ పెట్టి, అవి రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే ఆట నడిచేలా ఏర్పాటు చేసింది. క్యాసెట్‌కు పిన్నులు 72 అయ్యాయి, ఆకారం మారింది. అందువల్ల ఆసియా అంతటా నకళ్లు పుట్టినది తాళం లేని జపాన్ యంత్రం నుంచే. మన చేతికి వచ్చినవి 60 పిన్నుల జపాన్ క్యాసెట్‌లు, వాటి వెంట అమెరికా చూడని జపాన్ ఆటలు.

అందులోనూ ఏ ఆటలు రావాలన్నది చాలా వరకు పరిమాణమే నిర్ణయించింది. తొలినాటి ఆటలు 24 నుంచి 40 కిలోబైట్లు ఉండేవి. అదనపు చిప్‌ల సాయం లేకుండా ఆ యంత్రం నేరుగా చదవగలిగినది 40 కిలోబైట్లే, సూపర్ మారియో ఆ హద్దును సరిగ్గా నింపుతుంది. ఇటువంటి చిన్న ఆటలను ఒక పెద్ద మెమరీ చిప్‌లో పక్కపక్కన పేర్చి, ఒక జాబితా తగిలించడం చవకైన పని. 1986 తరవాత వచ్చిన పెద్ద ఆటలకు ప్రత్యేకమైన చిప్‌లు, కొన్నింటికి బ్యాటరీలు కావాలి, కాబట్టి అవి ఈ క్యాసెట్‌లలో సులువుగా ఇమడవు. ఆ కారణంగా 1995లో మా ఇంట్లో మేము ఆడినది జపాన్ పిల్లల 1984, 85ల ప్రపంచం. అక్కడి పిల్లలు డ్రాగన్ క్వెస్ట్ దాటి, సూపర్ ఫామికామ్ దాటి, ప్లేస్టేషన్ కొనుక్కుంటున్న కాలంలో మేము ట్యాంకులతో ఇటుకలు కూలుస్తున్నాం. దీన్ని వెనకబాటుతనమని అనవచ్చు. నాకు మాత్రం, ఎక్కడో పేలిపోయిన నక్షత్రపు వెలుగు పదేళ్లు ప్రయాణించి నెల్లూరు చేరినట్టు అనిపిస్తుంది.

పదిహేనుతో భాగించినవాళ్లు

ఇప్పుడు వేగం దగ్గరకు తిరిగి వస్తాను, ఎందుకంటే నా అభిప్రాయం మారినది అక్కడే. నకిలీ అంటే ఎవరో గుడ్డిగా అచ్చు దించేశారని నేను అనుకుంటూ వచ్చాను. అచ్చు దించితే మన టీవీ మీద అది సరిగా నడవదు. జపాన్ యంత్రం ఒక తెరను 262 గీతలుగా గీస్తుంది, పాల్ టీవీకి 312 గీతలు కావాలి. నింటెండో తానే యూరప్ కోసం పాల్ యంత్రాన్ని తయారు చేసినప్పుడు, యంత్రానికి గడియారంలా పనిచేసే స్ఫటికం ఇచ్చే వేగాన్ని 16తో భాగించి మెదడు చిప్‌ను 1.66 మెగాహెర్ట్జ్‌కు తగ్గించింది. దాంతో మెదడు చిప్‌కూ బొమ్మ గీసే చిప్‌కూ మధ్య జపాన్‌లో ఉన్న 1:3 నిష్పత్తి చెదిరింది. కాలాన్ని గీతగీతకూ కొలుచుకుని రాసిన ఆటలు దాని మీద తడబడతాయి, స్వరాలు కూడా ఒక మెట్టు పైచిలుకు కిందికి దిగుతాయి. అందుకే యూరప్ కోసం కొన్ని ఆటలను సవరించి విడుదల చేశారు.

తైవాన్‌లోని యూఎంసీ కంపెనీ చిప్‌లలో ఈ చిక్కును వేరే విధంగా విప్పారు. అదే స్ఫటికపు వేగాన్ని 16తో కాక 15తో భాగించారు. 1.77 మెగాహెర్ట్జ్ వచ్చింది, జపాన్‌లోని 1.79కి దాదాపు సమానం. నిష్పత్తి మళ్లీ 1:3. ఎక్కువగా గీయవలసిన 50 గీతల సమయాన్ని, బొమ్మ పూర్తయిన తరవాత యంత్రం ఏమీ చేయకుండా ఎదురుచూసే సమయంగా పెట్టారు, ఆపైన జపాన్ యంత్రంలో ఎంత విరామం ఉంటుందో ఆటకు అంతే విరామం ఇచ్చారు. ఆ అమరిక వల్ల జపాన్ క్యాసెట్‌కు తాను పరాయి దేశపు టీవీ మీద నడుస్తున్నానన్న సంగతే దాదాపు తెలియదు. అంతా సక్రమంగా, శ్రుతి తప్పకుండా, కాస్త నెమ్మదిగా నడుస్తుంది. నింటెండో తన సొంత యంత్రాన్ని పాల్‌కు మార్చిన తీరు కంటే, జపాన్ ఆటల విషయంలో, ఇది మెరుగైన మార్పిడి. ఈ పని చేసిన ఇంజనీర్ల పేర్లు ఏ చరిత్రలోనూ నాకు కనబడలేదు. ఉయెమురాకు ఇంటర్వ్యూలు ఉన్నాయి, పదవీ విరమణ తరవాత రిత్సుమెయికాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఉంది, 2021లో ఆయన చనిపోతే ప్రపంచమంతా నివాళి రాసింది. ఆయన దానికి తగినవాడే. 15తో భాగిస్తే సరిపోతుందని గ్రహించిన మనిషికి పేరైనా లేదు.

పొరపాట్లూ జరిగాయి. చాలా నకలు చిప్‌లలో స్వరాన్ని మార్చే రెండు అమరికలు తారుమారయ్యాయి. ధ్వని తరంగం ప్రతి ఆవృత్తిలో ఎంత భాగం పైకి లేచి ఉండాలో చెప్పే అమరికలవి. 25 శాతం ఉండవలసిన చోట 50, 50 ఉండవలసిన చోట 25 పలుకుతుంది. వరస మారదు గాని, గొంతు మారుతుంది. అసలు పాటను మొదటిసారి విన్నప్పుడు నాకు అది ఎవరో వేరే వాయిద్యం మీద వాయించినట్టు ఎందుకనిపించిందో ఇది చదివాక అర్థమయింది. జాయ్‌స్టిక్ మీది బటన్‌లు కూడా అంతే. అసలు ఫామికామ్‌కు ఎ, బి రెండే. మా వాటికి నాలుగుండేవి. పైరెండింటిని నొక్కి పట్టుకుంటే తూటాలు వాటంతటవే కురిసేవి. సెకనుకు 16 సార్లు బటన్ నొక్కగల తకహాషి మెయిజిన్ జపాన్ పిల్లలకు ఆరాధ్యుడయ్యాడని చదివి నేను నవ్వుకున్నాను. మా వీధిలో ఆ విద్య ప్రతి జాయ్‌స్టిక్‌తోనూ ఉచితంగా వచ్చేది.

పాత ఆటలను కంప్యూటర్ మీద ఆడించే ఎమ్యులేటర్లు కొన్నింటిలో ఏ దేశపు యంత్రమో ఎంచుకునే చోట మూడు పేర్లుంటాయి: జపాన్, అమెరికాల టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, పాల్, డెండీ. డెండీ అనేది 1992 చివరలో రష్యాలో స్టీప్లర్ కంపెనీ అమ్మకానికి పెట్టిన తైవాన్ నకలు యంత్రం, దాని గుర్తు ఒక ఏనుగు పిల్ల. యంత్రాల నడకను ఒక్క గీత కూడా తప్పకుండా భద్రపరచాలనుకున్న ప్రోగ్రామర్లు, తమకు ఇష్టమున్నా లేకపోయినా, జపాన్, యూరప్ పద్ధతుల పక్కన మూడోదిగా ఒక నకిలీ పేరును చేర్చవలసి వచ్చింది. లేకపోతే మాలాంటి కోట్ల ఇళ్లలో నడిచిన ఆట నడవదు. కథలు రాసేవాళ్లు ఇంకా ఒప్పుకోని సంగతిని వీళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు.

నకలు, నకిలీ, పాఠాంతరం

మన భాషలో నకలుకూ నకిలీకి మధ్య ఉన్న దూరం నాకు ఈ సందర్భంలో ఉపయోగపడింది. తహసీల్దారు కార్యాలయంలో అడంగల్ నకలు తీసుకుంటాం, అది నకిలీ కాదు. నకిలీ అంటే మోసగించడానికి చేసినది. అయితే ఈ రెండు మాటలూ చాలవు. తాళపత్ర గ్రంథాలతో పనిచేసినవాళ్లకు మూడో మాట తెలుసు, పాఠాంతరం. ఒక కావ్యానికి ఒక ఊళ్లో ఒక ప్రతి, మరో ఊళ్లో మరో ప్రతి ఉంటుంది. లేఖకుడు కొన్నిచోట్ల పొరబడతాడు, కొన్నిచోట్ల తన ప్రాంతానికి తగినట్టు మారుస్తాడు, ఒక్కోసారి మూలంలోని తప్పును తానే దిద్దుతాడు. కడపలో బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి చేయించిన పని అటువంటి ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చడమే. ఏదో ఒక ప్రతి మాత్రమే కావ్యమని, మిగిలినవి చెత్త అని అనుకుంటే ఆ పని మొదలే కాదు.

బర్మా బజారు యంత్రం ఫామికామ్‌కు పాఠాంతరం అని నేను అంటాను. అందులో లేఖక ప్రమాదాలున్నాయి, తారుమారైన స్వరాల్లాగా. ప్రాంతానికి తగిన మార్పులున్నాయి, 15తో భాగించడంలాగా. ప్రక్షిప్తాలున్నాయి, నడుమ నుంచి మొదలయ్యే మారియోల్లాగా. దాన్ని తీసేసి రాసిన చరిత్ర ఒక ప్రతిని మాత్రమే చదివి చేసిన వ్యాఖ్యానం.

ఈ పోలిక మరీ అందంగా కుదిరిందని నాకే అనుమానం వచ్చింది. లేఖకుడు కవి పేరు చెరపడు. గద్యలో పేరు, తండ్రి పేరు, ఇష్టదైవంతో సహా ఉంచుతాడు. క్యాసెట్‌లు చేసినవాళ్లు చేసిన మొదటి పని తొలి తెర మీద కంపెనీ పేరు, సంవత్సరం తుడిచేయడం. ఆ పని వల్ల ఎవరికి ఎంత డబ్బు నష్టమో లెక్కగట్టేవాళ్లు లెక్కగడతారు. జపాన్ కంపెనీ ఏదీ 1995లో నెల్లూరుకు వచ్చి 800 రూపాయలకు యంత్రం అమ్మబోయేది కాదు గనుక, డబ్బు నష్టం వాదన నన్ను పెద్దగా కదిలించదు. పేరు సంగతి మాత్రం కదిలిస్తుంది. షిగెరు మియామోతో అనే మనిషి ఆ గోతులను, ఆ గొట్టాలను ఆలోచించి పెట్టాడని, కోజీ కొండో అనే మనిషి ఆ పాట కట్టాడని నాకు ఇరవై ఏళ్లు దాటేదాకా తెలియదు. మారియో ఏ దేశంవాడని అడిగితే, చైనా అని చెప్పేవాణ్ణి. పాటల పుస్తకం కొంటే రాసినవారెవరో చూసే ఇంట్లో పెరిగినవాణ్ణి, ఆటలను మాత్రం ఎవరూ చేయని వస్తువుల్లాగా, కొండల్లాగా గుట్టల్లాగా చూశాను. నకలు మాకు ఆటనిచ్చి, అది ఒక మనిషి చేసిన పని అన్న జ్ఞానాన్ని దాచిపెట్టింది. ఇటువంటివి మనం కూడా చేయవచ్చన్న ఆలోచన మా వీధిలో ఒక్కరికైనా రాకపోవడానికి అది ఒక కారణమని నా నమ్మకం.

దీనికి వ్యతిరేకంగా చెప్పదగినదొకటుంది. చైనాలో సుబోర్ అనే కంపెనీ ఇదే నకలుకు కీబోర్డు తగిలించి, చదువుకునే యంత్రమని చెప్పి, జాకీ చాన్ చేత ప్రకటనలు చేయించి అమ్మింది. ఆ కీబోర్డు మీద బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని ప్రోగ్రామర్లైనవాళ్లు అక్కడ ఉన్నారు. మన ఊళ్లకూ అటువంటి కీబోర్డు పెట్టెలు వచ్చాయి. మా ఎదురింటివాళ్లు అబ్బాయికి కంప్యూటర్ కొన్నామని మిఠాయి పంచారు. వారం తిరగకుండా ఆ అబ్బాయి కీబోర్డును మంచం కిందికి తోసి మాతో ట్యాంకులు ఆడుతున్నాడు. అసలు ఫామికామ్ పూర్తి పేరే ఫ్యామిలీ కంప్యూటర్, 1984లో నింటెండో దానికి ఫ్యామిలీ బేసిక్ పేరిట కీబోర్డు కూడా అమ్మింది. ఆ సగం పేరును నకలు చేసినవాళ్లే ఎక్కువ గట్టిగా పట్టుకున్నారన్నది విచిత్రం.

ఇక దొంగతనమన్న మాటకు వస్తే, ఆ మాట అనేముందు అసలు వంశవృక్షాన్ని కూడా ఒకసారి చూడాలి. ఫామికామ్ విడుదలైననాడు దానితో వచ్చిన మూడు ఆటలలో రెండు డాంకీ కాంగ్, డాంకీ కాంగ్ జూనియర్. డాంకీ కాంగ్ ఆర్కేడ్ ఆటకు, అంటే నాణెం వేసి ఆడే పెద్ద పెట్టెలోని ఆటకు, ప్రోగ్రామ్ రాసినది ఇకెగామి త్సుషింకి అనే వేరే కంపెనీ. జూనియర్ ఆర్కేడ్ ఆట కోసం తమ ప్రోగ్రామ్‌ను అనుమతి లేకుండా విప్పి వాడుకున్నారని ఆ కంపెనీ 1983లోనే నింటెండో మీద దావా వేసింది, అది 1990లో రాజీతో ముగిసింది. ఆ ప్రోగ్రామర్ల పేర్లు కూడా తెర మీద లేవు. రికో చిప్‌లోని 6502లో దశాంశాల లెక్క చేసే భాగాన్ని పనిచేయకుండా చేశారు, పేటెంట్‌ను తప్పించుకోవడానికేనని సాధారణంగా చెబుతారు. వాళ్లూ చేశారు గనుక వీళ్లు చేయవచ్చని నేను అనడంలేదు. చిన్నప్పుడు అమ్మ దగ్గర ఆ వాదన ఎన్నడూ చెల్లలేదు. నేననేది, నకలుకూ మూలానికీ మధ్య గీసిన గీత చరిత్ర పుస్తకాలలో కనబడేంత తిన్నగా లేదని మాత్రమే.

ఇంకొక అభ్యంతరం మా మిత్రుడొకాయన చేశారు, అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "నువ్వు ఆడినదే ముఖ్యమని నిరూపించుకోవడానికి ఇన్ని లెక్కలు తెచ్చావు" అన్నారు. కాదనలేను. 192 సెకన్ల లెక్క నాకు అంత ఇష్టం కావడంలో గోతిలో పడిన అవమానం ఉంది. అయితే ఆ అవమానమే లేకపోతే, నా చేతి వేళ్లు పుస్తకాలలో లేని ఒక యంత్రాన్ని ఇన్నేళ్లుగా గుర్తుపెట్టుకున్నాయన్న సంగతి నాకు తెలిసేదే కాదు.

డెండీ అమరికతో ఆడే పద్ధతి కనుక్కున్నాక, ఆ వివరాలన్నీ మేనల్లుడికి పంపాను. ఒక శనివారం వీడియో కాల్‌లో వాడు తన కంప్యూటర్ మీద ఆట పెట్టి, మొదటి గూంబాను దాటి, గొయ్యి దగ్గర మరీ ముందుగా గెంతి పడిపోయాడు. ఇంకోసారి ఆడి మళ్లీ పడ్డాడు. "మామా, ఇది లాగ్ అవుతోంది, నీ సెట్టింగ్ తప్పు" అని చికాకుపడి కుర్చీ వదిలి లేచాడు. వెనక నిలబడి చూస్తున్న మా చెల్లెలు ఏమీ అనకుండా ఆ కుర్చీలో కూర్చుంది. గొయ్యి దాటింది, జెండా దాకా వెళ్లింది. కాల్ ఆన్‌లో ఉందని మరిచిపోయినట్టుంది. ఆ తరవాత పావుగంటసేపు నాకు ఆమె ముఖం పక్కనుంచి కనబడుతూ, ఆ నెమ్మదైన పాట వెనక నుంచి వినబడుతూ ఉండిపోయాయి.